క్యామ్ ఉన్న పుల్లీతో మనిషిని పైకి లాగాను, దించడం మాత్రం రాలేదు

#1 కొత్తకాళ్ళు
నిన్న రాక్ క్లైంబింగ్ రెస్క్యూ ప్రాక్టీసులో పరువు పోయింది. పిచ్ (ఒక తాడు పొడవు ఎక్కుడు) పైన ఇద్దరం, కింద ఒకడు. కిందవాడు చేయి విరిగినట్టు నటించాలి, నేను పైనుంచి త్రీ-టు-వన్ (మూడో వంతు బలంతో లాగే తాడు అమరిక) కట్టి లాగాలి. యాంకర్ (తాడంతా వేలాడే కదలని ఆధారం) దగ్గర కొత్తగా కొన్న క్యామ్ పుల్లీ పెట్టాను, అంటే తాడుని ఒకవైపే పోనిచ్చి వెనక్కి రాకుండా పళ్ళతో పట్టేసే గిలక. కింద తాడు మీద ప్రూసిక్ (బరువు పడితే తాడుని పట్టేసే ముడి), దానికి ఒక కారాబైనర్ (తెరిచి మూసే గేటున్న లోహపు కడియం), అందులోంచి తాడు తిప్పాను. లాగడం బాగానే నడిచింది. చేయి వదిలితే చాలు, టక్కున క్యామ్ పట్టేస్తోంది. దీన్ని కనిపెట్టినవాడికి దండం పెట్టాలనుకున్నాను.

రెండు మీటర్లు లేచాక వాడి మోకాలు ఒక బండ అంచు కింద ఇరుక్కుంది. "కాస్త దించు, ఒక్క జానెడు" అని కేక వేశాడు. ఆ జానెడు నా వల్ల కాలేదు. బొటనవేలితో క్యామ్ నొక్కితే ఇనుప ముద్దలా ఉంది, కదిలితే ఒట్టు. కొంచెం పైకి లాగితే వదులుతుందని తెలుసు, కానీ పైకి లాగితే మోకాలు ఇంకా బిగుస్తుంది. ఇరవై నిమిషాలు వాడు కింద తిడుతూ, మేం పైన ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ గడిపాం. చివరికి వాడే పక్కకి ఊగి, రెండో కాలు రాతి మీద మోపి, బరువు తీసిన ఆ ఒక్క క్షణంలో క్యామ్ తెరుచుకుంది.

నా ప్రశ్న: ఈ పరికరంతో దించడానికి దారి ఉందా, లేక దీన్ని బ్యాగులో అడుగున పడేయాలా? ఇంకోటి, వాడి బరువు 80 కిలోలు. త్రీ-టు-వన్ అన్నారు కదా, నాకు మూడో వంతు బరువేమీ అనిపించలేదు. అరచేతులు ఇంకా మండుతున్నాయి.

#2 మంచుగొడ్డలి
పరికరం తప్పేం లేదు. అది ఎలుకబోను లాంటిది. లోపలికి వెళ్ళే దారే ఉంటుంది.

#3 రెండో_పిచ్
ఇరవై నిమిషాల్లో కిందవాడు ఏమేం తిట్టాడో కూడా రాయండి, విభాగం పేరు "అనుభవాలు" కదా.

#4 పాతకాపు
నవ్వులాట తర్వాత. #1లో జరిగింది రెస్క్యూ నేర్చుకునే ప్రతి ఒక్కరికీ ఒకసారి జరుగుతుంది. ప్రాక్టీసులో జరిగింది కాబట్టి అదృష్టవంతులు.

పళ్ళ క్యామ్‌ని బరువు మీద ఉండగా వేలితో తెరవలేరు. అలా తెరుచుకునేలా ఉంటే అది పట్టుకునే పరికరమే కాదు. కాబట్టి వదిలించే ఏర్పాటు పుల్లీలో వెతక్కండి, పుల్లీకి యాంకర్‌కి మధ్య పెట్టండి. అది కూడా లాగడం మొదలుపెట్టక ముందే.

నేను చేసేది ఇది. ఆరు మీటర్ల 7 ఎంఎం కార్డ్ రెండు పేటలుగా మడిచి, ఒక చివర పుల్లీ కారాబైనర్‌కి కడతాను. ఇంకో చివర యాంకర్‌లోని పెద్ద గుండ్రటి కారాబైనర్‌లో మంటర్ హిచ్ (ఘర్షణతో తాడుని మెల్లగా వదలనిచ్చే ముడి) వేసి, మ్యూల్ ముడితో (బరువు మీదే విప్పగలిగే ముడి) లాక్ చేసి, దాని మీద మామూలు ఓవర్‌హ్యాండ్ ముడి. పుల్లీ ఇప్పుడు యాంకర్‌కి నేరుగా కాకుండా, విప్పగలిగే ముడికి వేలాడుతోంది.

దించాల్సి వస్తే త్రీ-టు-వన్ విప్పేస్తాను (బరువు క్యామ్ మీద ఉంది, భయం లేదు). క్యామ్ పుల్లీలోంచి బయటికొచ్చే తాడుని యాంకర్‌లో వేరే కారాబైనర్ మీద ఇంకో మంటర్ వేసి, స్లాక్ (వదులు) లేకుండా లాగి, కట్టేస్తాను. ఆ తర్వాత కార్డ్ ముడి విప్పి మెల్లగా వదిలితే పుల్లీ ఒక అడుగు దిగుతుంది, బరువు కొత్త మంటర్ మీదికి మారుతుంది, క్యామ్ వదులైపోతుంది. పుల్లీ తీసి జేబులో వేసుకుని, బ్రేక్ వైపు (చేత్తో పట్టుకునే వైపు) ఒక ప్రూసిక్ బ్యాకప్ పెట్టి, మనిషిని ఎంత దూరమైనా దించొచ్చు.

జానెడు దించడానికైతే ఇంత కూడా అక్కర్లేదు. కార్డ్ ముడి విప్పి జానెడు వదిలి మళ్ళీ కట్టేయడమే.

#5 ముడి_విప్పు
లేదా మామూలు పుల్లీ, ఒక ప్రూసిక్. కార్ల్ ప్రూసిక్ 1931లో చూపించిన ముడి, ఇప్పటికీ పళ్ళు లేకుండానే పట్టుకుంటోంది. తాడుని కొరకదు. పడేసినా నష్టం లేదు. వాడి వాడి బిగిసినా చేత్తో పిసికి వదులు చేసుకోవచ్చు. ఇంత చిన్న పనికి స్ప్రింగులు, బేరింగులు ఎందుకో నాకు అర్థం కాదు.

#6 కొత్తకాళ్ళు
@పాతకాపు చాలా థ్యాంక్స్ అన్నా. మ్యూల్ ముడి బరువు మీద ఉండగా నిజంగా విప్పగలమా? ఇంట్లో మంచం కోడుకి కట్టి చూశాను, ఒకసారి విడిపోయింది, ఒకసారి మొండికేసింది.

#7 పాతకాపు
మంచం కోడు నిన్ను కిందికి లాగదు కదా. బరువు వేలాడదీసి నేర్చుకో. నీళ్ళ క్యాన్లు మూడు నాలుగు ఒక సంచిలో వేస్తే చాలు. మొండికేసిందంటే మ్యూల్ వేసేటప్పుడు లూప్ తిప్పిన దిశ తప్పయి ఉంటుంది.

#8 లెక్కల_మాస్టారు
#1లోని రెండో ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. అరచేతులు ఎందుకు మండాయో చెప్తాను.

త్రీ-టు-వన్ అనేది ఘర్షణ లేని లోకంలో మాట. మీ చేతి దగ్గర లాగే బలం 1 అనుకోండి. తాడు ఒక మలుపు తిరిగిన ప్రతిసారీ అందులో కొంత పోతుంది. బాల్ బేరింగ్ ఉన్న చిన్న పుల్లీ 91 శాతం దాకా దాటనిస్తుంది. కారాబైనర్ మీద మలుపు తిరిగితే సుమారు సగమే దాటుతుంది, 0.5 అనుకుందాం.

మీరు కట్టింది: చేతి నుంచి తాడు ముందుగా కదిలే కారాబైనర్ మీదికి, అక్కడి నుంచి యాంకర్‌లోని పుల్లీ మీదికి. 1 + 0.5 + (0.5 × 0.91) = 1.955. అంటే మూడు కాదు, రెండు కూడా కాదు. 80 కిలోలకి మీరు లాగింది 41 కిలోలు.

కదిలే చోట కూడా ఒక మంచి పుల్లీ పెట్టి ఉంటే 1 + 0.91 + 0.83 = 2.74. అప్పుడు 29 కిలోలు. రెండు చోట్లా కారాబైనర్లే అయితే 1.75, అంటే 46 కిలోలు. కొత్తగా కొన్న పరికరం మీకు మిగిల్చింది 5 కిలోలే, ఎందుకంటే దాన్ని పెట్టిన చోటు అది.

ఉన్నది ఒక్కటే పుల్లీ అయితే, దాన్ని చేతికి దగ్గరగా, కదిలే చోట పెట్టండి. అప్పుడు 2.365 వస్తుంది, 34 కిలోలు చాలు. ఘర్షణ మొదట్లోనే తినేస్తే తర్వాతి వాటాలన్నీ తగ్గిపోతాయి.

#9 రెండో_పిచ్
మాస్టారూ, క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నా ఇది మాత్రం ఎక్కింది. జీతం మొదటి తారీఖునే అప్పులకి పోయినట్టు.

#10 కొత్తకాళ్ళు
41 కిలోలా! ఇప్పుడు నా చేతుల మీద గౌరవం పెరిగింది.

కానీ పుల్లీని కదిలే చోటికి మారిస్తే, యాంకర్ దగ్గర పట్టుకునేదెవరు?

#11 లెక్కల_మాస్టారు
అక్కడ కారాబైనర్, ప్రూసిక్. లేకపోతే ఇంకో పుల్లీ కొనడం. క్యామ్ ఉన్నది యాంకర్‌లో, 30 గ్రాములో 40 గ్రాములో ఉండే మామూలుది కదిలే చోట. ఈ జంటనే చాలామంది మోస్తారు.

#12 మంచుగొడ్డలి
మాస్టారి లెక్కలో అంచు లేదు. మంచు బిలం అంచు దగ్గర తాడు కోసుకుని లోపలికి దిగిపోతుంది, ఒక్కోసారి మూరెడు లోతు. బండ అంచు మీద లంబంగా మలుపు తిరిగినా అంతే. అక్కడ సగం పోయిందనుకోండి, #8లో వచ్చిన 41 కాస్తా 82 అవుతుంది. ఏ పుల్లీ మార్చినా అంత తేడా రాదు. ముందు అంచు కింద గొడ్డలి కర్రో, బ్యాగో పెట్టండి (వాటిని కూడా యాంకర్‌కి కట్టండి, లేకపోతే కిందవాడి నెత్తిన పడతాయి). పుల్లీ శాతాల గురించి తర్వాత మాట్లాడుకుందాం.

#13 లెక్కల_మాస్టారు
ఒప్పుకుంటున్నాను. ఇంకోమాట, ఆ అంచు పట్టుకునేటప్పుడు మాత్రం మీ వైపే ఉంటుంది. క్యామ్ మీద పడే బరువు తగ్గుతుంది.

#14 గుహబల్లి
@ముడి_విప్పు ప్రూసిక్ గొప్పదే, కాదనను. కానీ బురద గుహలో బురద పట్టిన తాడు మీద ప్రూసిక్‌తో బరువు లాగి చూడండి. ఒకసారి జారుతుంది, ఒకసారి పుల్లీ నోట్లోకి దూరి ఇరుక్కుంటుంది. పుల్లీ అంచులు చదరంగా, ప్రూసిక్‌ని నెట్టేసేలా చేసిన రకం వేరే ఉంటుంది. మామూలు గుండ్రటి పుల్లీ అయితే ఒక చేయి ప్రూసిక్ కాపలాకే పోతుంది. పైగా వదిలిన ప్రతిసారీ ముడి సాగి బిగుసుకునేలోపు నాలుగు వేళ్ళ ఎత్తు వెనక్కి పోతుంది. పది సార్లు లాగితే ఎంత పోయిందో చూసుకోండి.

పళ్ళ క్యామ్ బురదలో ఎందుకు పట్టుకుంటుందంటే పళ్ళ మధ్య చీలిక ఉంటుంది. బురద అందులోంచి బయటికి పోతుంది. చూడటానికి చిన్న కిటికీలా ఉంటుంది, అందం కోసం కాదు. మంచు గడ్డ మాత్రం అందులోంచి కూడా పోదు, అది మంచుగొడ్డలి గారి ఏరియా.

#15 మంచుగొడ్డలి
పిలిచారు కాబట్టి: తడిసి గడ్డకట్టిన తాడు మీద క్యామ్ రెండు సార్లు "టక్" అనకుండా జారడం చూశాను. పళ్ళ సందుల్లో తెల్లగా నిండిపోయింది. నోటి ఆవిరితో కరిగించి, సూది మొనతో గీకి మళ్ళీ పెట్టాం. అప్పటి నుంచి గడ్డకట్టిన తాడైతే క్యామ్ వెనక ఒక ప్రూసిక్ కూడా ఉంచుతాను. ఈ విషయంలో ముడి_విప్పు గారికి సగం మార్కులు.

#16 ముడి_విప్పు
సగమే ఇచ్చారు, అంచు దగ్గర పోయిందేమో.

నా అసలు అభ్యంతరం వేరు. పళ్ళ క్యామ్ మీద బరువు ఒక్క ఉదుటున పడిందనుకోండి, తాడు పై తొడుగు చిరుగుతుంది. ప్రూసిక్ అయితే జారుతుంది, కాలుతుంది, కానీ ముందుగా ఏదో ఒకటి చెప్తుంది. పళ్ళు చెప్పవు.

#17 గుహబల్లి
దీనికి నా దగ్గర కథ ఉంది. బరువు సంచి లాగుతున్నాం. పైనున్నవాడు లాగిన తాడుని క్యామ్ దాకా బిగించకుండా చేతిలోనే పెట్టుకుని, జారి వదిలేశాడు. సంచి మీటరున్నర పడి క్యామ్ మీద ఆగింది. మనిషి కాదు, సంచే. ఆగింది కదా అని మళ్ళీ లాగడం మొదలుపెట్టాం. రెండు లాగులయ్యాక తాడు పుల్లీలో ఇరుక్కుంది.

తీసి చూస్తే వేలెడు పొడవున తొడుగు పాము కుబుసంలా వెనక్కి చుట్టుకుపోయి ఉంది. లోపల తెల్లటి పోగులు జుట్టులా విప్పుకున్నాయి. పోగులు తెగలేదు. కానీ తొడుగు ఒక్కచోట తెగితే ఇక అది జారుతూనే ఉంటుంది, పరికరం దాని వెనకాలే జారుతుంది. తాడు అక్కడే కోసి రెండు ముక్కలు చేశాం. సంచిలో ఏముందనుకున్నారు? వంట గిన్నెలు.

#18 రెండో_పిచ్
గిన్నెల కోసం తాడు బలి.

#19 పాతకాపు
#17 అందరూ రెండుసార్లు చదవండి. అంకెల్లో చెప్పాలంటే: తాడుని పట్టే క్లాంపులకి యూరప్ ప్రమాణం ఈఎన్ 567, పుల్లీలకి ఈఎన్ 12278. ఒకే పరికరం మీద రెండూ రాసి ఉంటాయి, ఎందుకంటే రెండు పనులకీ రెండు వేర్వేరు బలాలు. మైక్రో ట్రాక్షన్ అనే చిన్న క్యామ్ పుల్లీనే తీసుకోండి. క్యామ్ తెరిచి ఉత్త పుల్లీగా వాడితే తెగే బలం 15 కిలోన్యూటన్లు. క్యామ్ పట్టుకుని ఉన్నప్పుడు 4 మాత్రమే, పని చేయించాల్సింది 2.5 దాకా. 2.5 అంటే 255 కిలోలు. నిదానంగా వేలాడే మనిషికి ఇది చాలా ఎక్కువ. స్లాక్‌తో పడే మనిషికి చాలా తక్కువ.

చాలామంది పరికరం మీద పెద్ద అంకె చూసి ఊరుకుంటారు. క్యామ్ గుర్తు పక్కన చిన్న అంకె ఉంటుంది, అది చూడాలి.

#20 లెక్కల_మాస్టారు
దానికి తోక: ముగ్గురు ఉత్సాహంగా కలిసి లాగితే చేతి దగ్గర 100 కిలోలు సులభంగా దాటుతుంది. మంచి పుల్లీలతో త్రీ-టు-వన్ అయితే తాడు మీద 270 పైన. అంటే కింద మనిషి ఎక్కడో ఇరుక్కుని ఉంటే, మీరు లాగుతున్నది 80 కిలోల మనిషిని కాదు, కొండని. మధ్యలో ఉన్నది ఆ మనిషి నడుము. కదలకపోతే ఇంకొకడిని పిలవకండి, ఆగి కిందికి చూడండి.

#21 కొత్తకాళ్ళు
మోకాలు ఇరుక్కున్నప్పుడు మేం చేయబోయింది సరిగ్గా అదే. ఇంకొకడు లేకపోవడం మంచిదైంది.

#22 ఒంటరి_తాడు
నేను ఈ పుల్లీని లాగడానికి ఒక్కసారి కూడా వాడలేదు. పైనుంచి కట్టిన తాడు మీద ఒంటరిగా ఎక్కడానికే. హార్నెస్‌కి (నడుముకి, తొడలకి కట్టుకునే పట్టీలకి) పెట్టుకుంటే ఎక్కుతున్న కొద్దీ తాడు దానంతటదే జారిపోతుంది, పడితే పట్టుకుంటుంది. తాడు కింద చివర కాస్త బరువు కడితే ఇంకా హాయి. నాలుగేళ్ళుగా ఇదే పద్ధతి.

#23 పాతకాపు
ఒక్కటేనా?

#24 ఒంటరి_తాడు
ఒక్కటే. స్లాక్ రానివ్వను. పడేది ఒక అడుగు కూడా ఉండదు.

#25 పాతకాపు
అయితే నాలుగేళ్ళుగా మీ ప్రాణం వేలి గోరంత బటన్ మీద ఉంది. తాడు సులభంగా తీయడానికి ఆ క్యామ్‌ని తెరిచి లాక్ చేసే ఏర్పాటు ఉంది కదా? రాతికి రుద్దుకున్నా, బట్ట ఏదైనా దూరినా క్యామ్ అలాగే తెరిచి ఉండిపోవచ్చు. మీరు పైకి ఎక్కేటప్పుడు తేడా తెలియదు, ఎందుకంటే తెరిచి ఉన్నా తాడు హాయిగానే జారుతుంది. తెలిసేది పడ్డప్పుడే.

#26 గుహబల్లి
నా మిత్రుడి హెల్మెట్ గడ్డం పట్టీ చివర క్యామ్ కిందికి దూరింది. వాడు పడలేదు, ఎక్కువ ఆలోచించకుండా వెనక్కి వాలి కూర్చుందామనుకున్నాడు. రెండు మీటర్లు జారాక అదృష్టవశాత్తూ తాడులో కట్టుకున్న ముడి ఆపింది. ఆ రోజు నుంచి వాడి పట్టీ చివర టేపు చుట్టి ఉంటుంది.

#27 ఒంటరి_తాడు
పాయింటే. ముడుల అలవాటు నాకు లేదు. మీరంతా మాట్లాడుతుంటే పక్కన ఉన్నవాడికి చెమట పట్టినట్టుంది.

#28 పాతకాపు
వేరే తాడు మీద వేరే రకం పరికరం రెండోది పెట్టండి. రెండోది కూడా ఇదే రకమైతే ఒకే కారణంతో రెండూ తెరుచుకోవచ్చు. రెండో తాడు లేకపోతే కనీసం అక్కడక్కడా ఆగి, కింద తాడులో ముడి వేసి హార్నెస్‌కి తగిలించుకోండి. తయారీదారుల సూచన పత్రాల్లో కూడా ఒంటరి ఎక్కుడుకి రెండు పరికరాల బొమ్మే ఉంటుంది. ఆ పత్రం డబ్బాలోనే ఉండిపోతుంది, అది వేరే విషయం.

#29 రెండో_పిచ్
ఆ పత్రం నాకు బాగా పనికొచ్చింది. టెంటులో కాలు విరిగిన స్టవ్ కింద పెట్టాను.

#30 మూటలవాడు
అందరూ మనుషుల్ని లాగుతున్నారు, మాలాంటి కూలీల సంగతి చెప్పండి. పెద్ద గోడల మీద మూడు నాలుగు రోజులు ఉండాలంటే నీళ్ళతో కలిపి మూట 60, 70 కిలోలు అవుతుంది. మేం దాన్ని ముద్దుగా పంది అంటాం. ఎక్కడైనా ఇరుక్కుంటుంది, ఎటు లాగినా రాదు, పేరు సరిపోయింది.

యాంకర్‌లో పెద్ద క్యామ్ పుల్లీ పెట్టి, తాడుకి ఇటువైపు హార్నెస్ కట్టుకుని నా ఒంటి బరువుతో కిందికి దిగుతాను. పంది పైకి, నేను కిందికి, బావి గిలక మాదిరి. కాళ్ళతో గోడని తంతూ పోవాలి. దిగడం చివరికి వచ్చాక క్యామ్ పట్టేస్తుంది, నేను జుమార్ (తాడు పట్టుకుని పైకి ఎక్కే పరికరం) మీద పైకి ఎక్కి మళ్ళీ దిగుతాను. ఇక్కడ దించాల్సిన అవసరం తక్కువ, అందుకే ఈ పరికరం పుట్టింది ఇలాంటి పనికే అనిపిస్తుంది. పుల్లీ, తిరగబెట్టిన జుమార్లు వేరువేరుగా కట్టి లాగిన రోజులు కూడా చూశాను. అదొక అల్లిక, విప్పేసరికి చీకటి పడేది.

#31 లెక్కల_మాస్టారు
మూటలవాడు గారి పద్ధతిలో ఒక విషయం కొత్తవాళ్ళు గమనించాలి. పైన ఒకటే మలుపు కాబట్టి 70 కిలోల మూటకి ఇటువైపు 74 కావాలి. రెండూ కలిసి వేలాడేది యాంకర్ మీదే, దాదాపు 145 కిలోలు. మూట బరువు మాత్రమే చూసి యాంకర్ కట్టకూడదు.

#32 కొత్తకాళ్ళు
పెద్దది, చిన్నది అంటున్నారు. తేడా బరువేనా?

#33 మూటలవాడు
చక్రం. చిన్నదాని చక్రం 25 ఎంఎం, 91 శాతం, మొత్తం బరువు 85 గ్రాములు. ఇంకా చిన్నది 53 గ్రాములు. నేను వాడే పెద్దదాని చక్రం 38 ఎంఎం, 95 శాతం, 265 గ్రాములు. నాలుగు శాతం అంటే ఏముందిలే అనిపిస్తుంది. నూట యాభై సార్లు లాగాక నడుముని అడగండి, చెప్తుంది. రెండుసార్లు వాడటానికి మోసుకెళ్ళేదైతే చిన్నదే కొనండి. ఏదైనా తాడు మందం చూసుకోండి, పరికరం మీద రాసి ఉంటుంది. మందం తగ్గితే పళ్ళకి పట్టు దొరకదు, పెరిగితే పక్కపలక మూసుకోదు.

#34 ముడి_విప్పు
85 గ్రాములది చేతిలోంచి జారితే శబ్దం కూడా రాదు. చాలా రకాల్లో కారాబైనర్ తీస్తే తప్ప తాడు ఎక్కించలేం, సరిగ్గా ఆ క్షణంలోనే గ్లోవ్స్ వేసుకున్న వేళ్ళు మోసం చేస్తాయి. నాది ఒకటి ఒక మంచు బిలం అడుగున ఉంది. ప్రూసిక్ అయితే, పడితే ఇంకోటి కడతాను.

#35 మంచుగొడ్డలి
అంటే మీ దగ్గర కూడా ఒకటి ఉండేదన్నమాట!! ఇరవై పోస్టుల తర్వాత నిజం బయటికొచ్చింది.

#36 ముడి_విప్పు
యవ్వనంలో తప్పులు.

#37 మంచుగొడ్డలి
క్షమించేశాం. మంచు మీద ఇంకో చిక్కు చెప్పాలి. హిమనదం మీద ఇద్దరే నడిచేటప్పుడు పడితే అంచులో ఇరుక్కుని ఆగాలని తాడులో ముడులు వేస్తారు. ఆపడానికి అవి అద్భుతం. కానీ అదే తాడుతో లాగాలంటే ముడి పుల్లీలోంచి పోదు. అప్పుడు మీ దగ్గర మిగిలిన తాడుని లూప్‌గా కిందికి వదిలి, పడ్డవాడి హార్నెస్‌కి పుల్లీ తగిలించి, టు-టు-వన్‌గా లాగడమే దారి. క్యామ్ పుల్లీ పైన యాంకర్‌లో, మామూలుది కిందవాడి దగ్గర. కిందవాడికి స్పృహ ఉండాలి, చేతులు పని చేయాలి. లేకపోతే ఎవరో ఒకరు దిగాలి.

#38 నెమలికొండ
ఇన్ని రోజులూ చదువుతున్నాను, మొదటిసారి రాస్తున్నాను. తాడు తిరగేసి పెట్టినవాళ్ళు నేనొక్కదాన్నేనా? పుల్లీ మీద మనిషి బొమ్మ, చేతి బొమ్మ చెక్కి ఉన్నాయి, అయినా చీకట్లో తిప్పి పెట్టాను. బరువు వైపు జారుతోంది, నా వైపు పట్టేస్తోంది. అంటే నేను లాగలేను, వాడు పడగలడు.

#39 గుహబల్లి
మీరొక్కరే కాదు, చేతులెత్తించండి, సగం మంది లేస్తారు. బొమ్మలు చూడటం కన్నా చేత్తో చూడటం మేలు. పెట్టిన వెంటనే బరువు వైపు తాడుని గట్టిగా ఒక గుంజు గుంజాలి, ఆగాలి. మన వైపు గుంజితే రావాలి. రెండు గుంజులు, మూడు సెకన్లు.

#40 పాతకాపు
తరచూ దించాల్సిన పని ఉన్న రెస్క్యూ బృందాలకి పళ్ళు లేని, పుల్లీ, డిసెండర్ (దించే సాధనం) రెండూ కలిసిన పరికరాలున్నాయి. మాయెస్ట్రో, ఎంపీడీ లాంటివి. లాగేటప్పుడు చక్రం తిరుగుతుంది, హ్యాండిల్ తిప్పితే దించుతుంది. #1లోని జానెడు సమస్య అక్కడ రానే రాదు. బరువు కిలో పైనే. కాబట్టి @కొత్తకాళ్ళు, నీ బ్యాగులోకి అవసరం లేదు, 7 ఎంఎం కార్డ్ చాలు. గ్రిగ్రీ (తాడుని పట్టేసే, హ్యాండిల్ ఉన్న పరికరం) ఉంటే యాంకర్‌లో దాన్నే పెట్టి కూడా లాగొచ్చు. ఘర్షణ చాలా ఎక్కువ, కానీ హ్యాండిల్‌తో దించొచ్చు. ఒక్కోసారి అదే తెలివైన బేరం.

#41 రెండో_పిచ్
లాగడానికి ఒకటి, దించడానికి ఒకటి, తిట్టించుకోవడానికి ఒక మనిషి. సామాను పూర్తయింది.

#42 కొత్తకాళ్ళు
మళ్ళీ వెళ్ళాం. ఈసారి నేనే కింద వేలాడాను, తిట్లు ఎలా ఉంటాయో చూద్దామని మావాడు పట్టుబట్టాడు.

యాంకర్‌లో కార్డ్‌తో మంటర్-మ్యూల్, దాని కింద క్యామ్ పుల్లీ, కదిలే చోట కొత్త చిన్న పుల్లీ, బండ అంచు మీద బ్యాగు పరిచాం. మావాడు ఒక్కడే లాగాడు, మధ్యలో ఈల కూడా వేశాడు. మాస్టారి 29 కిలోలు నిజమే అయి ఉంటుంది.

అదే బండ దగ్గరికి వచ్చాక "జానెడు దించు" అన్నాను. మ్యూల్ విడిపోయిన చప్పుడు కింద దాకా వినిపించింది, చిన్నగా ఒక ఊపు, నేను మెల్లగా దిగాను. నా లెక్క ప్రకారం రెండు జానలు. వాడు ఒకటే అంటున్నాడు.

రెండోసారి మాత్రం మ్యూల్ మొండికేసింది. పైకెక్కి చూస్తే లూప్ దిశ సరిగ్గానే ఉంది, కారాబైనర్ సగం తిరిగి గేటు మీద ముడి కూర్చుంది. బరువు వేసే ముందు ఏం చేస్తే అది తిరగకుండా ఉంటుంది?

#43 పాతకాపు
గేటుకి అవతల, వెన్ను వైపు బరువు పేట వచ్చేలా హిచ్ వెయ్యి. బరువు పడే దాకా కారాబైనర్‌ని చేత్తో సరిచేసి పట్టుకో, మొదటి లాగు అయ్యాక ఒకసారి తిరిగి చూడు. అప్పటికీ తిరుగుతుంటే నీ కారాబైనర్ మరీ చిన్నది. ఫోటో పెట్టు.

#44 ఒంటరి_తాడు
ఫోటో నేను కూడా పెడతాను, రెండో తాడు వేశాను. ముడుల గురించి ఇంకెవరూ అడగకండి.